భేరి మోగినా జనం రాకపోతే: వైశాలి చెప్పిన పాఠం, యాకుత్‌పురా అడిగే ప్రశ్న



ఈ పాఠం ప్రజాస్వామ్యంలో నమ్మకం గురించి. ధమ్మ పాఠంలో ఓట్లు, కోర్టులు, మున్సిపాలిటీ సంగతులు ఎందుకు అని కొందరు అడగొచ్చు. బుద్ధుడు ధ్యానం గురించి ఎంత శ్రద్ధగా చెప్పాడో, మనుషులు కలిసి తమను తాము నడుపుకునే పద్ధతి గురించి కూడా అంతే శ్రద్ధగా చెప్పాడు. ఆయన పుట్టిన శాక్యులది గణరాజ్యం. ఆయన నెలకొల్పిన సంఘంలో రాజు లేడు. తన తర్వాత ఫలానావాడు పెద్ద అని ఆయన ఎవరినీ నియమించలేదు. ధమ్మమే, వినయమే మీకు దారి చూపుతాయని చెప్పి వెళ్ళాడు. కాబట్టి ఈ విషయం మనకు పరాయిది కాదు.

ముందు మన నగరంలో జరిగిన ఒక సంగతి చూద్దాం.

39.64

2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 71 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. మునుగోడులో 91 శాతం దాటింది. అన్నిటికన్నా అడుగున నిలిచింది హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురా. అక్కడ పడింది 39.64 శాతం. అంటే జాబితాలో వంద పేర్లుంటే అరవై పేర్ల ఓటు పడలేదు. డిసెంబరు 3న లెక్కించి చూస్తే గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య తేడా 878 ఓట్లు.

జాబితాలో చనిపోయినవాళ్ళ పేర్లు, ఇల్లు మారినవాళ్ళ పేర్లు కొన్ని ఉంటాయి, నిజమే. అవి తీసేసినా మిగిలేది చిన్న లెక్క కాదు. "ఆ జనానికి బద్ధకం" అని టీవీల ముందు కూర్చుని తేల్చేసినవాళ్ళు ఉన్నారు. తెల్లవారకముందే ఆటో బయటికి తీసేవాళ్ళు, రాత్రి దాకా కుట్టుమిషన్ మీద, జరీ పని మీద వంగి కూర్చునే ఆడవాళ్ళు ఉన్న బస్తీని బద్ధకపు బస్తీ అనడం అన్యాయం. ఇంటి పక్క స్కూల్లో ఉన్న పోలింగ్ బూత్‌కు నడిచిపోవడం వాళ్ళకు కష్టమైన పని కాదు. పోతే ఏమైనా మారుతుందన్న నమ్మకం లేకపోవడమే అసలు సంగతి.

ఆ నమ్మకం ఎట్లా పోతుంది? మళ్ళీ ఎట్లా వస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు ధమ్మంలో జవాబు ఉంది.

వజ్జుల ఏడు బలాలు

దీఘనికాయంలోని మహాపరినిబ్బాన సుత్తం ఒక యుద్ధ ప్రయత్నంతో మొదలవుతుంది. మగధ రాజు అజాతశత్రు వైశాలి రాజధానిగా ఉన్న వజ్జి గణరాజ్యాన్ని నాశనం చేయాలనుకున్నాడు. బుద్ధుడు ఏమంటాడో తెలుసుకుని రమ్మని మంత్రి వస్సకారుణ్ణి గృధ్రకూటానికి పంపాడు. బుద్ధుడు మంత్రికి నేరుగా జవాబు చెప్పలేదు. పక్కన విసురుతున్న ఆనందుణ్ణి ఏడు ప్రశ్నలు అడిగాడు. వాటి సారం ఇది:

1. వజ్జులు తరచుగా సభ చేరుతున్నారా?
2. ఐకమత్యంతో కూడి, ఐకమత్యంతో విడిపోయి, కలిసి పనులు చేసుకుంటున్నారా?
3. తాము పెట్టుకున్న చట్టాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకుండా దాని ప్రకారం నడుస్తున్నారా?
4. పెద్దల మాటకు గౌరవం ఇస్తున్నారా?
5. స్త్రీలను, బాలికలను బలవంతంగా ఎత్తుకుపోకుండా ఉంటున్నారా?
6. తమ పూజాస్థలాలను కాపాడుకుంటున్నారా?
7. అర్హంతులకు రక్షణ ఇస్తున్నారా?

అన్నిటికీ అవునని ఆనందుడు చెప్పాడు. ఇవి ఉన్నంత కాలం వజ్జులకు వృద్ధే గానీ హాని లేదని బుద్ధుడన్నాడు. వీటినే సప్త అపరిహానీయ ధమ్మాలు అంటాం. ఇందులో సైన్యం ఎంత, ఖజానా ఎంత అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. మొదటి ప్రశ్న కలవడం గురించే. ఐదో ప్రశ్న బలహీనులకు భద్రత ఉందా అని.

వస్సకారుడు తెలివైనవాడు. ఈ మాటలు విని, అయితే వజ్జులను యుద్ధంతో గెలవలేం, తీపి మాటలతోనో వాళ్ళలో వాళ్ళకు భేదం పుట్టించో గెలవాలి అనుకుని లేచిపోయాడు.

వస్సకారుడు చేసిన పని

తర్వాత ఏం జరిగిందో అట్ఠకథ చెబుతుంది. రాజు తనను వెళ్ళగొట్టాడని నటిస్తూ వస్సకారుడు వైశాలి చేరాడు. లిచ్ఛవులు అతణ్ణి నమ్మి కొలువిచ్చారు, తమ పిల్లలకు చదువు చెప్పమన్నారు. అతను ఒక లిచ్ఛవిని పక్కకు పిలిచి, "పొలం దున్నుతారా? రెండు ఎడ్లు కట్టే దున్నుతారా?" అన్నట్టు ఏమీ లేని మాట అడిగేవాడు. "ఆచార్యుడు ఏమన్నాడు?" అని తోటివాళ్ళు అడిగితే అతను ఉన్నదే చెప్పేవాడు. "ఇంత చిన్న మాటకు పక్కకు పిలుస్తాడా? ఏదో దాస్తున్నాడు" అని వాళ్ళు అనుమానించేవాళ్ళు. ఇంకొకణ్ణి పిలిచి "నువ్వు గతిలేనివాడివట కదా, ఫలానావాడు అన్నాడు" అనేవాడు. మరొకడితో "నువ్వు పిరికివాడివట" అనేవాడు.

మూడేళ్ళు ఇట్లా గడిచాయి. ఇద్దరు కలిసి ఒక దారిలో నడవని స్థితి వచ్చింది. అప్పుడు అతను సభా భేరి మోగించి చూశాడు. "గొప్పవాళ్ళు పోనీ, మేం పేదవాళ్ళం. శూరులు పోనీ, మేం పిరికివాళ్ళం" అనుకుని ఎవరూ రాలేదు. అజాతశత్రుకు కబురు వెళ్ళింది. శత్రువు వస్తున్నాడని మళ్ళీ భేరి మోగింది. అప్పుడూ ఎవరూ రాలేదు. తెరిచి ఉన్న ద్వారాల్లోంచి మగధ సైన్యం నడిచి వచ్చింది.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. వైశాలి ఓడిపోయింది సైన్యం వచ్చిన రోజున కాదు. భేరి మోగినా జనం రాని మొదటి రోజునే ఓడిపోయింది. ఎన్నికల రోజు మోగేది కూడా అదే భేరి.

పాతబస్తీలో నమ్మకం విరిగిన చోటు

జనం రావడం లేదంటే తప్పంతా జనానిదే అనుకోకూడదు. వజ్జుల ఏడు ధమ్మాల్లో కొన్ని జనం పాటించాల్సినవి, కొన్ని పాలించేవాళ్ళు పాటించాల్సినవి. చట్టం ప్రకారం నడవడం మొదట పాలకుల బాధ్యత.

1978 నుంచి 1990 దాకా పాతబస్తీ ఎన్నో అల్లర్లు, కర్ఫ్యూలు చూసింది. 1990 డిసెంబరులోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత హిందూ ముస్లిం బస్తీలను మళ్ళీ కలపాలని చాలామంది పని చేశారు. 1990 దశకంలో పుట్టిన కోవా అనే స్వచ్ఛంద సంస్థల సమాఖ్య అందులో ఒకటి. అట్లా గాయం మానుతున్న కాలంలో, 2007 మే 18 శుక్రవారం నాడు మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు.

దాని తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కస్టడీలో హింసించారన్న ఆరోపణలు వచ్చాయి. కేసులు కోర్టులో నిలవలేదు, వాళ్ళు నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2011 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాదాపు 70 మందికి పరిహారం ప్రకటించింది. కొందరికి 3 లక్షలు, మరికొందరికి 20 వేల రూపాయలు, దాంతోపాటు వాళ్ళ నడవడిక మంచిదని ఒక పత్రం. డబ్బు కన్నా ఆ పత్రమే ఎక్కువ విలువైనది. ఉద్యోగానికి పోతే, ఇల్లు అద్దెకు అడిగితే, పెళ్ళి సంబంధం చూస్తే అడ్డం వచ్చేది ఆ మచ్చే కదా. కానీ 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో అసలు పేలుడు కేసులో విచారణకు నిలబడ్డవాళ్ళంతా నిర్దోషులని ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది.

కోర్టులు సాక్ష్యాన్ని బట్టి తీర్పు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. కానీ బస్తీలో ఒక తల్లి దగ్గర కూర్చుని ఆలోచించండి. చనిపోయినవాళ్ళను ఎవరు చంపారో తేలలేదు. తప్పుగా పట్టుకుపోయినవాళ్ళకు దక్కిన ఊరట కూడా నిలవలేదు. "రాజ్యం నాది" అని ఆమె ఎట్లా అనుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా "అందరూ ఓటు వేయండి" అని ఎన్ని బ్యానర్లు కట్టినా గాలికి ఊగుతాయి, అంతే.

అశోకుడి రెండు శాసనాలు

ఈ విషయంలో మన నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో పదమూడో శిలాశాసనం ఒకటి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, ఇంకా ఎక్కువమంది చెరపట్టబడ్డారని, దానికి తాను బాధపడుతున్నానని అశోకుడు అందులో చెప్పాడు. గెలిచిన రాజు తన గెలుపు వల్ల జరిగిన హాని లెక్కను తానే రాళ్ళ మీద చెక్కించాడు.

అయితే దెబ్బ తిన్న కళింగంలోనే, అంటే ధౌలిలో, జౌగడలో, ఆ పదమూడో శాసనం లేదు. దానికి బదులు అక్కడ వేరే శాసనాలు చెక్కించాడు. అవి అధికారులకు రాసినవి. కారణం లేకుండా ఎవరినీ బంధించకూడదు, హింసించకూడదు, కోపంతోనో తొందరపాటుతోనో బద్ధకంతోనో న్యాయం చెప్పకూడదు, ఈ సంగతి చూడటానికి ఐదేళ్ళకోసారి అధికారి తనిఖీకి వస్తాడు అని వాటి సారం. దెబ్బ తిన్నవాళ్ళకు కన్నీళ్ళ కన్నా ముందు కావలసింది ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. "మళ్ళీ ఇట్లా జరగదు" అనే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటును ఎవరో ఒకరు వచ్చి చూడాలి.

తప్పు ఒప్పుకోవడం: పవారణ

సంఘంలో దీనికి ఒక పద్ధతి ఉంది. మూడు నెలల వర్షావాసం ముగిసిన రోజు ప్రతి భిక్షువూ లేచి తోటివాళ్ళను కోరతాడు: నాలో తప్పు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానం ఉన్నా సరే, దయతో చెప్పండి, సరిదిద్దుకుంటాను. దీన్ని పవారణ అంటారు. పెద్ద భిక్షువుతో మొదలవుతుంది. ఒక పవారణ రోజున బుద్ధుడు కూడా, నా నడతలో మాటలో తప్పేమైనా ఉందా అని సంఘాన్ని అడిగినట్టు సంయుత్తనికాయం చెబుతుంది. ఎవరినీ అడగనక్కరలేని స్థానంలో ఉన్నవాడే ముందు అడిగాడు. అందుకే సంఘం ఆయన్ని నమ్మింది.

యాకుత్‌పురాకు మళ్ళీ వద్దాం. 2025 సెప్టెంబరులో మౌలా కా ఛిల్లా దగ్గర ఒక చిన్న పాప తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడింది. వెంటనే పైకి లాగారు, ప్రాణం దక్కింది. మామూలుగా జరిగేదే జరిగింది. మాది కాదంటే మాది కాదని శాఖలు ఒకదాని మీద ఒకటి చెప్పుకున్నాయి. కానీ తర్వాత హైడ్రా అది తమ సిబ్బంది లోపమేనని ఒప్పుకుంది. మూత లేని మ్యాన్‌హోల్ పాతబస్తీకి కొత్త కాదు. "తప్పు మాదే" అనే మాట మాత్రం కొత్త. ఆ ఒక్క మాటతో నాలాలు బాగుపడవు. అయినా నమ్మకం మళ్ళీ మొలకెత్తేది అటువంటి మాట దగ్గరే. ఆ మాట అన్న తర్వాత ప్రతి మూతా వేస్తే మొలక నిలుస్తుంది. వేయకపోతే ఎండిపోతుంది.

ధమ్మంలో నమ్మకం గుడ్డిది కాదు

"ప్రభుత్వాన్ని నమ్మండి" అని ధమ్మం చెప్పదు. కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పింది దానికి వ్యతిరేకం. విన్నామని, వాడుకలో ఉందని, చెప్పినవాడు పెద్దవాడని ఏదీ ఒప్పుకోవద్దు, హాని చేసేదో మేలు చేసేదో మీరే చూసుకుని తేల్చుకోండి అన్నాడు. ఈ బోధ రెండు వైపులా పని చేస్తుంది. నాయకుడి వాగ్దానాన్ని పరీక్షించాలి. అట్లాగే రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వచ్చిన "అక్కడ మనవాళ్ళను కొట్టారంట" అనే మాటను కూడా పరీక్షించాలి. పాతకాలపు వస్సకారుడు ఒక్కొక్కరినీ పక్కకు పిలవాల్సి వచ్చింది, దానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పటి వస్సకారుడికి ఒక ఫార్వర్డ్ చాలు.

కడుపు సంగతి కూడా మరచిపోవద్దు. కూటదంత సుత్తంలో దొంగతనాలు పెరిగాయని రాజు బాధపడితే, శిక్షలతో అవి పోవు, రైతుకు విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమని పురోహితుడు సలహా ఇస్తాడు. చక్కవత్తి సీహనాద సుత్తంలో పేదలకు ఇవ్వడం మానేసిన రాజ్యంలో పేదరికం నుంచి దొంగతనం, దొంగతనం నుంచి హత్య, దాని నుంచి అబద్ధం పుట్టుకొస్తాయి. అబద్ధం పెరిగిన చోట ఎవరు ఎవరిని నమ్ముతారు? నమ్మకానికి వేరు బతుకుతెరువులో ఉంది.

కోసంబి జనం చేసింది

"ఓటుకు పోకపోవడం కూడా నిరసనే కదా?" అని యువకులు అడుగుతారు. మంచి ప్రశ్న. కోసంబి కథ చూడండి. మరుగుదొడ్డి చెంబులో నీళ్ళు మిగిల్చిన చిన్న విషయం మీద భిక్షువులు రెండుగా చీలి కొట్లాడుకున్నారు. బుద్ధుడు చెప్పినా వినలేదు. ఆయన వాళ్ళను వదిలి అడవికి వెళ్ళిపోయాడు. అప్పుడు కోసంబి ఉపాసకులు భిక్షువులకు నమస్కారం మానేశారు, భిక్ష మానేశారు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఎందుకు మానేశామో మాత్రం దాచలేదు. ఆకలి తగిలాక భిక్షువులు దారికి వచ్చి, బుద్ధుడి దగ్గరికి వెళ్ళి కలహం తీర్చుకున్నారు.

కోసంబి జనం కలిసి చేశారు, కారణం తెలిసేలా చేశారు, తిరిగి కలవడం కోసం చేశారు. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఓటు మానేస్తే ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆ మౌనం ఎవరి మీద అలకో ఎవరికీ తెలియదు. 878 ఓట్ల తేడాతో తేలిన చోట, రాని అరవై మంది ఏం కోరారో అడిగే నాథుడు లేడు.

బాబాసాహెబ్ హెచ్చరిక

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో డాక్టర్ అంబేద్కర్ బౌద్ధ సంఘాలను గుర్తు చేశారు. తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు వంటి పార్లమెంటరీ పద్ధతులు భిక్షు సంఘానికి తెలుసన్నారు. ఈ దేశం ఒకసారి ప్రజాస్వామ్యాన్ని పోగొట్టుకుంది, రెండోసారి కూడా పోగొట్టుకుంటుందా అని అడిగారు. హింసా మార్గాలు వదిలి రాజ్యాంగ పద్ధతులు పట్టుకోవాలని, రాజకీయాల్లో వ్యక్తి పూజ నియంతృత్వానికి దారి అని, రాజకీయ ప్రజాస్వామ్యం సామాజిక ప్రజాస్వామ్యం కాకపోతే నిలవదని హెచ్చరించారు. సోదరభావం లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం పై పూతలుగా మిగులుతాయన్నారు. ఆ సోదరభావాన్నే ధమ్మం మైత్రి అంటుంది.

మైత్రి అంటే పండగకు స్వీట్లు ఇచ్చుకోవడంతో అయిపోదు. అమరావతి స్తూపానికి విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి ఒక శిల్పఫలకం దానం చేశాడు. ఆయన పేరు శాసనంలో ఇప్పటికీ ఉంది. మహా చైత్యంలో నా రాయి ఒకటి ఉంది అనుకున్నవాడు దాన్ని తనదిగా చూసుకుంటాడు. ప్రజాస్వామ్యం కూడా అంతే. అందులో తన రాయి లేనివాడికి దాని మీద నమ్మకం ఎట్లా వస్తుంది?

మన బస్తీలో అభ్యాసం

1. నెలకోసారి కలవండి. గల్లీలో అన్ని మతాలవాళ్ళనూ, ఆడవాళ్ళనూ పిలవండి. గొడవ వచ్చినప్పుడే కలవడం ఆలస్యం.
2. ఓటరు జాబితా కలిసి చదవండి. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7, మార్పుకు ఫారం 8.
3. నాలా, నీళ్ళు, దీపం గురించి ఫిర్యాదు రాతలో ఇవ్వండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.
4. ఫోన్‌లో వచ్చిన మాటను ముందుకు పంపే ముందు ఆ బస్తీలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కోండి.
5. తప్పు ఒప్పుకున్న అధికారిని ఎగతాళి చేయకండి. ఒప్పుకున్నది సరిదిద్దేదాకా వదలకండి.
6. మీ సంఘంలోనే పవారణ మొదలుపెట్టండి. చందా లెక్కలు గోడ మీద అంటించండి. అధ్యక్షుడే మొదట "నాలో తప్పేముంది?" అని అడగాలి.

చర్చకు ప్రశ్నలు

- వజ్జుల ఏడు ధమ్మాల్లో మీ బస్తీలో ఉన్నవి ఎన్ని? లేనివి ఏవి?
- కోసంబి జనం నిరసనకూ, ఓటు మానేయడానికీ తేడా మీ మాటల్లో చెప్పండి.
- తప్పుగా పట్టుకుపోయినవాళ్ళకు రాజ్యం ఏం బాకీ పడింది? పొరుగువాళ్ళు ఏం బాకీ పడ్డారు?

వైశాలిలో రెండోసారి భేరి మోగినప్పుడు పది మంది వచ్చి ఉన్నా తలుపులు మూయగలిగేవాళ్ళు. మన గల్లీలో ఆ పది మంది ఎవరో ఈ వారమే చూసుకుందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!